టీసీ లేని విద్యార్థి

మనం ఇంకా ఎంసెట్ అనే పిలుచుకునే ఈఏపీసెట్ కౌన్సెలింగుకు తీసుకెళ్లాల్సిన సర్టిఫికెట్ల జాబితా తెలియని ఇల్లు సికింద్రాబాద్‌లో తక్కువ. ర్యాంకు కార్డు, ఆధార్, పది మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం. ఆ వరుసలోనే చూపు ఆగకుండా జారిపోయే ఒక అంశం ఉంటుంది: బడికి వెళ్లకుండా ప్రైవేటుగా చదివినవారైతే, అర్హత పరీక్షకు ముందు ఏడేళ్లపాటు రాష్ట్రంలో ఉన్నట్టు నివాస ధ్రువీకరణ పత్రం.

ఇంట్లో చదువుకున్న పిల్లలకు ప్రభుత్వ కాగితాల్లో ఉన్న ఉనికి దాదాపు ఆ ఒక్క వాక్యమే. అయినా ఉంది. ‘మా పాపను బడి మాన్పించి ఇంట్లోనే చెబుతున్నాం’ అనగానే బంధువుల్లో మొదట వినిపించే మాట ‘మరి రేపు కాలేజీలో ఎవరు చేర్చుకుంటారమ్మా?’ అన్నదే. చేర్చుకుంటారు. పిల్లకు ఎంత వచ్చో చూసి మాత్రం కాదు, చేతిలో ఏ కాగితం ఉందో చూసి. చదువు సంగతి తల్లిదండ్రులు ఎలాగో చూసుకుంటారు. ఈ కథనం కాగితం సంగతి.

ముందు చట్టం మాట. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు ఇంటి చదువుల తల్లిదండ్రులకు గుబులు పట్టుకున్న మాట నిజం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలంతా బడిలో ఉండాలన్నది ఆ చట్టం ఉద్దేశం. గుర్తింపు లేకుండా బడి నడిపితే జరిమానా ఉంది. మరి ఇల్లు గుర్తింపు లేని బడి అవుతుందా? వివాదం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఇంట్లో చదివించుకోవాలని కోరుకునే తల్లిదండ్రులకు ఈ చట్టం అడ్డురాదని 2012లో కేంద్రం కోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. అప్పటినుంచి పరిస్థితి అదే: నిషేధం లేదు, ప్రోత్సాహమూ లేదు.

ప్రైవేటుగా కట్టడం మనకు కొత్తా?

హోమ్‌స్కూలింగ్ అనే మాట వినగానే అమెరికా నుంచి దిగిన కొత్త వేలంవెర్రి అనుకునేవాళ్లకు మన ఊరి చరిత్రే జవాబు చెబుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పన్నెండేళ్లకే మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసై ఆ రోజుల్లో దేశమంతా చెప్పుకునేలా చేశారు. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఇక్కడ కాలేజీ నడిపిన మనిషి. కూతురికి ఇంట్లోనే చదువు చెప్పారు, గణితమో సైన్సో చదవాలని పట్టుబట్టారు. తొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లిష్ మాట్లాడనని మొండికేస్తే ఆమెను గదిలో పెట్టి గడియ వేశారట. (ఇంటి చదువు అంటే ఎప్పుడూ ప్రేమగా, స్వేచ్ఛగా సాగేదని అనుకునేవాళ్లు ఈ వివరం గుర్తుంచుకోవాలి.) పదహారో ఏట నిజాం స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జి గిర్టన్‌లో చేరారు. ఆబిడ్స్‌లోని వాళ్లిల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది. ఇప్పుడు అదే యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ కోర్సుకు దరఖాస్తు చేయాలంటే పన్నెండో తరగతి సర్టిఫికెట్, సీయూఈటీ స్కోరు రెండూ కావాలి.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ ఇంకా దగ్గరిది. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె, ఇంగ్లిష్ మీడియం రుద్దుతున్నారని చిన్నప్పుడే బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు, తానే ఆడపిల్లలకు హిందీ బడి పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం, జైలు అయ్యాక, ఇరవై దాటిన వయసులో మళ్లీ పుస్తకం పట్టి, ప్రైవేటుగా చదివి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ కట్టి పాసయ్యారు. బెనారస్ మెట్రిక్‌కు బడి అక్కర్లేదు. ఆనాటి తెలుగు ఆడపిల్లలకు అది ఎంత పెద్ద వెసులుబాటో ఆమెకు బాగా తెలుసు. అందుకే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కు తయారు చేయడం. ఆమె స్వయంగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి, ఆడవాళ్లకు హాస్టల్ లేదే అన్నారు. చదవాలనుకునే అమ్మాయిలు రండంటూ ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లతో హాస్టలే మొదలుపెట్టారు. 1942 నాటికి లా డిగ్రీ. ఇవాళ ఉస్మానియా ప్రాంగణంలో ఆంధ్ర మహిళా సభ కాలేజీ ముందు నుంచి సికింద్రాబాద్ పిల్లలు బస్సులో రోజూ వెళ్తుంటారు. దాని వ్యవస్థాపకురాలికి టీసీ లేదని వాళ్లకెవరూ చెప్పి ఉండరు.

ఈ ఊళ్లోనే ఇంకో మలుపు జరిగింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో వెలిసింది. తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్న ఆ యూనివర్సిటీ, పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఏ చదువూ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరమంది. దాన్ని పట్టుకుని పైకొచ్చిన గృహిణులు, కండక్టర్లు, కానిస్టేబుళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

బోర్డు ఎంచుకోవడం: పద్నాలుగేళ్లకే తేల్చుకోవాల్సిన లెక్క

ఇప్పటి పిల్లల సంగతికి వద్దాం. ఇంట్లో ఎన్నేళ్లు, ఎలా చదివించినా, కాలేజీ గుమ్మం ముందు ఏదో ఒక బోర్డు ముద్ర కావాలి. ఎక్కువమంది వెళ్లేది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్, అంటే ఎన్ఐఓఎస్ దగ్గరికి. 1979లో సీబీఎస్ఈ చేపట్టిన చిన్న ప్రాజెక్టు 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ అయి, 2002లో ఈ పేరు తెచ్చుకుంది. పదో తరగతికి పద్నాలుగేళ్లు, పన్నెండుకు పదిహేనేళ్లు నిండాలి. పదిలో చేరడానికి కింది తరగతుల మార్కుల పత్రం లేకపోయినా, ఈ కోర్సు చదవగలనని స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలు. బడి ముఖం చూడని పిల్లకు అసలు తలుపు ఇదే. అయిదు సబ్జెక్టులు, అయిదేళ్ల గడువు, ఒక్కొక్క పేపరూ వీలున్నప్పుడు రాసుకునే వెసులుబాటు. పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. చివర్లో ‘మైగ్రేషన్ కమ్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్’ ఇస్తారు. కాలేజీ గుమాస్తా ‘టీసీ ఏదమ్మా?’ అని అడిగినప్పుడు తీసి చూపాల్సిన కాగితం అది. పేరు కొంచెం తేడాగా ఉండటంతో కౌంటర్ దగ్గర అయిదు నిమిషాలు వాదన తప్పదు. ఆ అయిదు నిమిషాలకూ సిద్ధపడి వెళ్లాలి.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని చిక్కు క్యాలెండర్‌లో ఉంది. ఎన్ఐఓఎస్ పరీక్షలు ఏటా రెండుసార్లు: ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు. ఏప్రిల్‌లో రాస్తే ఫలితాలు సాధారణంగా జూన్‌లో చేతికొస్తాయి. డిగ్రీ సీట్లకు తెలంగాణ నడిపే ‘దోస్త్’ మొదటి విడత మేలోనే మొదలైపోతుంది. ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగు జూన్‌లో ఊపందుకుంటుంది. మెమో చేతిలో లేని పిల్ల ఏదో ఒక విడత పోగొట్టుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు ఏడాది అక్టోబరులోనే పేపర్లు ముగించేసి, ఆ శీతాకాలానికి సర్టిఫికెట్ తెచ్చుకుని కూర్చుంటారు. పదికీ పన్నెండుకూ మధ్య రెండేళ్ల తేడా ఉండాలన్న నిబంధన కూడా కలుపుకుంటే, పద్నాలుగో ఏట పది ఎప్పుడు రాయాలన్నది వెనక నుంచి లెక్క వేసుకోవాల్సిన విషయం. చాలా ఇళ్లలో ఈ లెక్క పదిహేడో ఏట మొదలవుతుంది.

సైన్సు గ్రూపు తీసుకున్నవాళ్లకు మరో అడుగుంది. ఇంట్లో న్యూటన్ సూత్రాలు నేర్పొచ్చు కానీ, వంటింట్లో టైట్రేషన్ చేయించలేం. ప్రాక్టికల్స్ ఎన్ఐఓఎస్ కేటాయించిన అధ్యయన కేంద్రంలోనే జరుగుతాయి. ఆ కేంద్రం ఏదో ఒక బడే. దాని ల్యాబులో ఉన్న బ్యూరెట్ల పరిస్థితి మీ అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

ఆర్ట్స్ వైపు వెళ్లాలనుకుంటే మన ఇంటర్ బోర్డులోనే ఒక పాత దారి తెరిచి ఉంది. పది పాసైనవాళ్లు కాలేజీలో చేరకుండా, హాజరు మినహాయింపు ఫీజు కట్టి, ప్రాక్టికల్స్ లేని హ్యుమానిటీస్ గ్రూపులు ప్రైవేటుగా రాయొచ్చు. ఏటా పత్రికల్లో నోటిఫికేషన్ వస్తుంది, లోపలి పేజీలో, రెండు అంగుళాల మేర. హోమ్‌స్కూలింగ్ చేసే తల్లిదండ్రుల్లో చాలామంది కేంబ్రిడ్జి గురించి గంటలు మాట్లాడతారు, ఈ దారి గురించి వినే ఉండరు. సీఈసీ, హెచ్ఈసీ అంటే మన మధ్యతరగతికి ఉన్న చిన్నచూపే ఇందుకు కారణమని నా అనుమానం. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ పది, ఇంటర్ కూడా ఉన్నాయి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ, ఏ-లెవెల్స్ ప్రైవేటు అభ్యర్థిగా రాయొచ్చు, వయసు పట్టింపు లేదు, ఖర్చు పట్టింపు ఉంది. తిరిగి ఇక్కడి కాలేజీకి రావాలంటే అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ నుంచి సమానత్వ పత్రం తెచ్చుకోవాలి.

బాలమేధావుల గొడవ

హైదరాబాద్‌లో ఇంటి చదువు అంటే పత్రికలకు గుర్తొచ్చేది కాచిగూడకు చెందిన నైనా జైస్వాల్. తల్లిదండ్రుల శిక్షణలో ఎనిమిదేళ్లకు కేంబ్రిడ్జి పది, పదమూడేళ్లకు డిగ్రీ, ఆనక ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ. మధ్యలో టేబుల్ టెన్నిస్‌లో అంతర్జాతీయ పతకాలు. తమ్ముడు అగస్త్య తొమ్మిదేళ్లకు పది, పద్నాలుగేళ్లకు డిగ్రీ. అసాధారణమైన కుటుంబం, సందేహం లేదు. కానీ ఈ వార్తలు ఒక అపోహను వదిలి వెళ్లాయి: ఇంట్లో చదివించడమంటే పరుగు పెట్టించడమని. ఇంట్లో చదివించే తల్లిదండ్రుల్లో చాలామంది కోరుకునేది సరిగ్గా దానికి విరుద్ధం. పిల్లకు పదో ఏట పక్షులంటే పిచ్చి పడితే ఏడాదంతా పక్షులతోనే గడపనివ్వాలన్నది వాళ్ల ఆశ. పైగా తొందరకు ఫలితం అన్నిచోట్లా ఉండదు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌కు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి పదహారేళ్లు నిండాల్సిందే.

ముంబయికి చెందిన మాళవిక జోషి ఉదంతం వేరే తరహా. ఏడో తరగతిలో బడి మాని, ప్రోగ్రామింగ్‌లో మునిగి, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చింది. పన్నెండో తరగతి లేదు కాబట్టి ఐఐటీ దారి మూసుకుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆమె స్థాయి చూసి ఏకంగా ఎమ్మెస్సీ తరగతుల్లో కూర్చోబెట్టింది. 2016లో అమెరికాలోని ఎంఐటీ స్కాలర్‌షిప్పుతో పిలిచింది. ఆమెలో అన్ని ఐఐటీలకూ కనబడనిది చెన్నైలో ఒక చిన్న సంస్థకు కనబడిందన్నది నాకు ఎంఐటీ వార్త కంటే పెద్ద విషయం. ఇప్పుడు ఐఐటీ కాన్పూర్ వంటివి ఒలింపియాడ్ దారిన కొన్ని సీట్లిస్తున్నాయి. అక్కడా పన్నెండో తరగతి పాసవడం తప్పనిసరి.

విదేశీ దరఖాస్తు తీరు చూస్తే మన గుమాస్తాకు కళ్లు తిరుగుతాయి. అమెరికా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో ఇంటి చదువు పిల్లలకు ప్రత్యేకంగా చోటుంది. కౌన్సెలర్ గడిలో అమ్మో నాన్నో పేరు పెట్టుకోవచ్చు. ఏం చదివింది, ఏ పుస్తకాలు వాడింది, ఎలా అంచనా వేశారు అన్నది తల్లిదండ్రులే ట్రాన్‌స్క్రిప్టుగా రాసివ్వాలి. సిఫార్సు లేఖలు మాత్రం ఇంటి బయటివాళ్లవి ఉంటేనే విలువ: సంగీతం మాస్టారు, క్రికెట్ కోచ్, వారం వారం వెళ్లిన స్వచ్ఛంద సంస్థవాళ్లు. ఇంటి మార్కులకు బయటి కొలమానం కావాలి కాబట్టి శాట్ స్కోరుకు బరువెక్కువ. కరోనా కాలంలో వదిలేసిన శాట్‌ను ఎంఐటీ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది కూడా. నాలుగేళ్ల చదువును ఒక పత్రంగా రాయాలంటే నాలుగేళ్లుగా రాసిపెట్టుకున్న నోటుబుక్కు ఉండాలి. ఇది చివరి ఏడాది కూర్చుని అల్లే పని కాదు.

తెల్లకోటు దాకా

ఓపెన్ స్కూల్ పిల్లలను ఎక్కువకాలం బయట నిలబెట్టింది వైద్యవిద్య. ఓపెన్ స్కూల్ నుంచి, ప్రైవేటుగా పన్నెండు పాసైనవాళ్లు నీట్‌కు అర్హులు కారని మెడికల్ కౌన్సిల్ నిబంధన. 2018లో వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. పేదరికం వల్లో, అనారోగ్యం వల్లో, ఊళ్లో బడి లేకో ఓపెన్ స్కూల్‌లో చేరినవాళ్లను తక్కువవాళ్లని ముందే తీర్మానించడం రాజ్యాంగ విరుద్ధమని ఆ మే నెలలో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అప్పీలు సుప్రీంకోర్టులో ఏళ్లపాటు నడిచి 2024 మార్చిలో గానీ ముగియలేదు. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల పిల్లలు నీట్ రాయొచ్చన్నది ఇప్పుడు స్థిరం. జేఈఈకి ఆ తకరారు ఎప్పుడూ లేదు. అయిదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ పాసైతే మెయిన్ రాసుకోవచ్చు. ఎన్ఐటీ సీటుకు పన్నెండులో 75 శాతమో, ఆ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనో ఉండాలన్న షరతు అందరితోపాటే.

సికింద్రాబాద్ వాళ్లకు అసలు తలనొప్పి ఇంకోటి: లోకల్. ఇది బదిలీల ఊరు. 1806 నుంచి కంటోన్మెంటు, 1966 నుంచి దక్షిణ మధ్య రైల్వే కేంద్రం. తిరుమలగిరిలో, బొల్లారంలో, సైనిక్‌పురిలో ఇంటి చదువు ఆలోచన మొదలయ్యేదే చాలాసార్లు మూడో బదిలీ తర్వాత. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతపు విద్యాసంస్థల్లో చదివినవాళ్లు లోకల్. ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లకు నాలుగేళ్లు ఇక్కడ నివసించడమే లెక్క. మొదట చెప్పిన ఏడేళ్ల లెక్కా ఆ ఉత్తర్వులోదే. యాభై ఏళ్ల కింద, హోమ్‌స్కూలింగ్ అనే మాట ఇక్కడెవరూ వినని రోజుల్లో, బడికి వెళ్లని విద్యార్థిని తలుచుకుని ఒక ఉపవాక్యం రాసిన అధికారి ఎవరో గానీ ఆయన దూరదృష్టికి దండం పెట్టాలి. అయితే ఆ నాలుగేళ్లలో రెండేళ్లు జబల్‌పూర్‌లోనో ఖరగ్‌పూర్‌లోనో గడిచి ఉంటే తహసీల్దార్ పత్రం ఇవ్వలేడు. రాష్ట్రంలో పనిచేసే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు లోకల్ కోటా పోగా మిగిలిన 15 శాతం సీట్లే ఆశ. వైద్య సీట్లకు నిబంధన ఇంకా బిగిసింది: నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలన్న 2024 నాటి జీవో 33ను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి డాక్టరీ కలలు కనే ఇంటి చదువు పిల్లకు ఎన్ఐఓఎస్ అధ్యయన కేంద్రం, పరీక్షా కేంద్రం ఈ ఊళ్లోనే ఉండేలా చూసుకోవాలి. మీసేవలో నివాస పత్రానికి దరఖాస్తు ర్యాంకు వచ్చాక కాకుండా ముందే పెట్టుకోవాలి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లయితే కరెంటు బిల్లు యజమాని పేరిట ఉంటుంది కనుక, అద్దె ఒప్పందాలన్నీ ఏ ఏడాదికి ఆ ఏడాది దాచుకోవాలి.

హాజరు గురించి ఇంత పట్టింపున్న వ్యవస్థ మరోవైపు ఏం చూస్తూ ఊరుకుందో కూడా చెప్పుకోవాలి. పేరు ఒక కాలేజీలో, మనిషి మరో కోచింగ్ సెంటర్లో ఉండే డమ్మీ అడ్మిషన్లు మనకు కొత్త కాదు. రెండేళ్లు తరగతి గదిలో కూర్చోని పిల్లాడికి స్టడీ సర్టిఫికెట్, టీసీ, సత్ప్రవర్తన పత్రం అన్నీ సకాలంలో వస్తాయి. ఇంట్లో నిజంగా చదివిన పిల్ల మాత్రం వివరణ ఇచ్చుకోవాలి. సీబీఎస్ఈ ఈ మధ్య కళ్లు తెరిచింది. 2024 నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 బడుల గుర్తింపు రద్దు చేసింది. 2025 మార్చిలో ఇంకో అడుగు వేసి, బడికి రాని డమ్మీ విద్యార్థులను పన్నెండో తరగతి పరీక్షకు అనుమతించబోమని, వాళ్లు కావాలంటే ఎన్ఐఓఎస్ ద్వారా రాసుకోవచ్చని చెప్పింది.

‘ఓపెన్ స్కూలా? అది చదువు రానివాళ్లకు కదండీ’ అన్న మాట ఇంటి చదువు తల్లిదండ్రులు ఏళ్లుగా పడుతూ వచ్చారు. ఐఐటీ కోచింగ్ పిల్లలు అటువైపు మళ్లితే ఆ మాట అనేవాళ్లు కొంత తగ్గుతారేమో. అధ్యయన కేంద్రాల్లో రద్దీ మాత్రం పెరుగుతుంది. సైన్సు గ్రూపు తీసుకునేవాళ్లు దరఖాస్తులో కేంద్రం పేరు నింపే ముందే అక్కడికి ఒకసారి వెళ్లి, ల్యాబు చూసి, ప్రాక్టికల్ తరగతులు ఏ నెలలో పెడతారో కనుక్కుని రావడం మంచిది.